అడుగు, ఆకు, ఔషధం

గడచిన శీతకాలంలో ఒక ఆదివారం ఉదయం మేము అయిదుగురు మిత్రులము విశాఖపట్టణం ప్రక్కనున్న కంబాలకొండ అడవి వాకిట కలుసుకొన్నాము. రక్తపు క్యాన్సరుతో బాధపడే పిల్లల సహాయార్థం ఒక సేవాసంఘంవారు ఆనాడు ప్రకృతి విహారం ఏర్పాటు చేశారు. మనిషికి రెండువందల రూపాయల చందా. ఆరు కిలోమీటర్ల కాలిబాట. దారిలో కనిపించే చెట్టు చేమలను గురించి వచ్చినవారికి చెప్పే పని మా కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే మిత్రునికి అప్పగించారు. నేను రసాయనశాస్త్రం చెబుతాను. మాతో వచ్చినవారిలో లెక్కల మాస్టారొకరు. మాకంటె నాలుగైదేళ్ళు పెద్దవారు. ఏ మాటనైనా లెక్కకు వచ్చేదాకా వదలిపెట్టని మనిషి.

పది అడుగులు వేశామో లేదో ఆయన నన్ను ప్రక్కకు పిలిచారు. “మాస్టారూ, ఒక సందేహం. ఆ పిల్లలకు కావలసింది మందు. మందుకు కావలసింది డబ్బు. ఆ రెండువందలు ఇంటి దగ్గరనే ఇచ్చివేస్తే సరిపోదా? మనం ఇంత దూరం నడిస్తే వాళ్ళ ఒంట్లో ఒక్క రక్తకణమైనా మారుతుందా?”

ఆయన వేళాకోళానికి అడగలేదు. ఆయన చెల్లెలు తొమ్మిదవ యేట ఈ వ్యాధితోనే పోయిందని మా అందరికీ తెలుసు. నేను అప్పుడు ఏదో సర్దిచెప్పాను గాని అది సమాధానం కాదని నాకే తోచింది. ఇంటికి వచ్చి ఈ వ్యాధిపై మానవుడు సాగించిన పోరాట చరిత్రను మొదటినుండి తిరగవేశాను. అందులో ఒక ఆకు కథ ఉన్నది. ఒక పువ్వు కథ ఉన్నది. ఒక తెలుగువాని కథ ఉన్నది. చిట్టచివరకు నడక కథ కూడ ఉన్నది. వానిని వరుసగా చెబుతాను.

తెల్ల రక్తం

ముందుగా వ్యాధిని గురించి రెండు మాటలు. మన ఎముకల లోపలి మూలుగ ఒక కర్మాగారం వంటిది. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు, గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే సూక్ష్మఫలకాలు అక్కడే తయారవుతాయి. ల్యుకీమియా అనే రక్తపు క్యాన్సరులో తెల్లకణాల జాతికి చెందిన ఒక కణం అదుపు తప్పుతుంది. పక్వానికి రాకుండానే ఒకటి రెండై, రెండు నాలుగై మూలుగనంతా ఆక్రమిస్తుంది. అప్పుడు ఎర్రకణాలకు చోటు చాలక పిల్లవాడు పాలిపోతాడు. ఫలకాలు తగ్గి చిగుళ్ళ నుండి నెత్తురు కారుతుంది. తెల్లకణాలు లెక్కకు ఎన్ని ఉన్నా పనికివచ్చేవి లేక మాటిమాటికి జ్వరం వస్తుంది.

ఈ వ్యాధిని 1845లో ఎడింబరోలో బెన్నెట్, బెర్లిన్‌లో విర్కో వేర్వేరుగా వర్ణించారు. 1847లో విర్కో దీనికి గ్రీకు మాటలతో ‘తెల్ల రక్తం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పేరు పెట్టిన తరువాత నూరేళ్ళు గడచినా వైద్యులు చేయగలిగింది అత్యల్పం. పిల్లలకు వచ్చే తీవ్రమైన రకంలో రోగం బయటపడిన కొన్ని వారాలకో, కొద్ది నెలలకో ప్రాణం పోయేది. ఆస్పత్రులలో ఇట్టి పిల్లలను ఓదార్చడమే గాని బాగుచేయడమనే మాట లేదు.

ఆకులోని రహస్యం

ఈ చీకటిలో మొదటి వెలుగు క్యాన్సరును గురించి ఆలోచించనివారి నుండి వచ్చింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, నూలు మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీలకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. వారు తినే తిండిలో ఏదో ఒక పదార్థం కొరవడుతున్నదని, ఈస్టు సారాన్ని ఇస్తే రక్తం తిరిగి పడుతున్నదని ఆమె 1931లో ప్రకటించింది. ఆ పదార్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

పది సంవత్సరాల తరువాత, 1941లో, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను పిండి, వడగట్టి, శుద్ధిచేసి అందులోనుండి అతి స్వల్పమైన పరిమాణంలో ఒక పదార్థాన్ని రాబట్టారు. లాటిన్ భాషలో ‘ఫోలియం’ అంటే ఆకు. ఆకులో దొరికినది కనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. విల్స్ వెదకినది ఈ జాతి పదార్థమే.

అయితే ప్రతి రోగికీ టన్నుల కొద్దీ పాలకూర పిండలేము కదా! దానిని ప్రయోగశాలలో తయారుచేయడం అవసరమైనది. ఆ పనికి నాయకత్వం వహించినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మదరాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి, బోస్టన్ నగరంలోని హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలవడానికి వారిద్దరూ 1925లో ప్రకటించిన పద్ధతి వారి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. కండరాలలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, జీవకణాలలో శక్తికి నాణెం వంటిదైన ఏ.టి.పి.ని 1929లో వారు వెల్లడించారు. 1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల వ్యాధితో చిన్నవయస్సులోనే మరణించారు. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం పనికివస్తుంది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. తమ్ముని ప్రయోగశాలలో మందు తయారయ్యేనాటికి అన్న పోయి ఎన్నో యేండ్లయినది.

దొంగ తాళంచెవి

ఇప్పుడు కథ మళ్ళీ బోస్టన్‌కు వస్తుంది. అక్కడి పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే రోగనిర్ణయ శాస్త్రజ్ఞుడు పనిచేస్తుండేవాడు. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతలో మూలుగను చక్కబరుస్తున్నది కనుక ల్యుకీమియాలో కూడ చక్కబరుస్తుందేమోనని ఆ జాతి పదార్థాలను రోగులైన పిల్లలకు ఇచ్చి చూచాడు. ఫలితం తలక్రిందులైనది. క్యాన్సరు కణాలు మరింత వేగంగా పెరిగినట్లు కనిపించింది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయమొకటి ఉన్నది. ఆశించిన ఫలితం రానప్పుడు ఫార్బర్ ఆ ప్రయోగాన్ని మరచిపోవడానికి ప్రయత్నించలేదు. ఫోలిక్ ఆమ్లం ఈ కణాలకు మేత అయితే, ఆ మేతను ఆపితే ఏమవుతుంది అని ప్రశ్నించుకొన్నాడు. మేతను ఆపడమెట్లా? దానికి సమాధానం సుబ్బారావుగారి ప్రయోగశాలలో ఉన్నది.

జీవకణం రెండుగా చీలడానికి ముందు తన వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ.కు మరొక ప్రతి తయారుచేసుకోవాలి. ఆ పనికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఫోలిక్ ఆమ్లాన్ని పనిలోకి దింపే ఎంజైమును ఒక తాళంకప్పగా, ఫోలిక్ ఆమ్లాన్ని దాని తాళంచెవిగా భావించండి. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకానొక స్థానంలో ఉన్న హైడ్రాక్సిల్ సమూహాన్ని తీసివేసి అమైనో సమూహాన్ని పెడితే అమైనాప్టెరిన్ అనే పదార్థం వస్తుంది. చూడడానికి తాళంచెవి వలెనే ఉంటుంది. కప్పలో దూరుతుంది. కాని తిరగదు, బయటికీ రాదు. అసలు తాళంచెవికి ఇక చోటు లేదు. వేగంగా చీలే కణాలకు ఫోలిక్ ఆమ్లం అవసరం ఎక్కువ కనుక ముందుగా దెబ్బతినేవి అవే. ఇట్టి దొంగ తాళంచెవులను లెడర్లీలో తయారుచేసి బోస్టన్‌కు పంపారు. 1947 చివరలో ఫార్బర్ అమైనాప్టెరిన్‌ను పిల్లలపై ప్రయోగించాడు.

1948 జూన్‌లో ఆయన ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లలకు మందు ఇవ్వగా 10 మందిలో గుణం కనిపించింది. మంచం దిగలేని పిల్లలు లేచి తిరిగారు. తెల్ల రక్తం మామూలు రక్తమైనది. అయితే ఆ వ్యాసం శీర్షికలోనే ఆయన ఒక మాట జాగ్రత్తగా చేర్చాడు: ఉపశమనం తాత్కాలికం. కొన్ని నెలలకు వ్యాధి తిరిగివచ్చింది. ఆ పిల్లలు బ్రతకలేదు. ఈ ‘తాత్కాలికం’ అనే మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మా లెక్కల మాస్టారి ప్రశ్నకు సమాధానం ఈ మాటలోనే దాగి ఉన్నది.

పదిసెంట్ల కవాతు

పరిశోధనకు డబ్బు కావాలి. ఆ రోజులలో క్యాన్సరు మాట పైకి చెప్పుకోవడానికే జనం జంకేవారు. ఇక పిల్లల క్యాన్సరుకు ఎవరిస్తారు? ఫార్బర్‌కు దారి చూపినది మరొక వ్యాధి.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌కు 1921లో పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. ఆయన 1938లో ఆ వ్యాధిపై పోరాటానికి ఒక జాతీయ సంస్థను నెలకొల్పాడు. శ్రీమంతుల పెద్ద విరాళాలకు బదులు జనసామాన్యం నుండి చిన్న నాణేలు అడుగుదామని ఎడ్డీ కాంటర్ అనే హాస్యనటుడు సూచించాడు. పదిసెంట్ల నాణెం పేరు డైము. ఆ ఉద్యమానికి ‘డైముల కవాతు’ అని పేరు వచ్చింది. జనం ఉత్తరాలలో పెట్టి పంపిన డైములు లక్షల సంఖ్యలో అధ్యక్షభవనానికి చేరాయి. ఆ డబ్బుతోనే జోనస్ సాల్క్ పోలియో టీకాను తయారుచేశాడు. 1954లో దాదాపు 18 లక్షల మంది బడిపిల్లలు పాల్గొన్న పరీక్ష జరిగింది. టీకా పనిచేస్తున్నదని 1955 ఏప్రిల్ 12న ప్రకటించారు.

డైముల కవాతును చూచి ఫార్బర్, ఆయన మిత్రులు ఒక రేడియో కార్యక్రమం ఏర్పాటు చేశారు. 1948 మే 22 రాత్రి, ఆస్పత్రి మంచం మీది 12 ఏళ్ళ బాలునితో వ్యాఖ్యాత దేశమంతా వినేటట్లు మాట్లాడాడు. బాలుని అసలు పేరు దాచి ‘జిమ్మీ’ అన్నారు. అతనికి ప్రాణప్రదమైన బేస్‌బాల్ జట్టు ఆటగాళ్ళు ఒక్కరొక్కరే గదిలోకి వచ్చారు. ఆటలు చూడడానికి జిమ్మీకి టెలివిజన్ కొనిపెడదామని, 20,000 డాలర్లు పోగుకావాలని వ్యాఖ్యాత కోరాడు. వచ్చినది రెండు లక్షల డాలర్లకు పైగా. ‘జిమ్మీ నిధి’ అట్లా పుట్టింది. ఆ నిధితో పెరిగిన ఆస్పత్రి నేడు డానా-ఫార్బర్ క్యాన్సరు సంస్థగా ప్రపంచ ప్రసిద్ధిపొందింది.

ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు తన 53వ యేట హఠాత్తుగా మరణించారు. ఆయన బృందం తయారుచేసిన మరొక దొంగ తాళంచెవి మెథొట్రెక్సేటు. అమైనాప్టెరిన్ కంటె దీనిని మోతాదు తప్పకుండ వాడడం సులువు కనుక కాలక్రమాన ఇదే నిలిచింది. 1956లో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు గర్భసంబంధమైన ఒక క్యాన్సరును ఈ మందుతో నయంచేయడం ఆరంభించారు. నేటికీ ల్యుకీమియా పిల్లలు దీనిని మింగుతున్నారు.

దారిప్రక్క పువ్వు

అడవి ద్వారం వద్ద ముళ్ళకంచె వెంబడి గులాబిరంగు, తెలుపురంగు బిళ్ళగన్నేరు పూలు పూచి ఉన్నాయి. వృక్షశాస్త్రం మిత్రుడు అక్కడ అందరినీ ఆపి, “ఇది మన ఇళ్ళలో పిచ్చిమొక్కగా పెరుగుతుంది. దీని పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. ఈ పిల్లల మందులలో ఒకటి ఇందులోనుండే వస్తుంది” అన్నాడు. వచ్చినవారిలో ఒక అమ్మ వెంటనే ఒక రెమ్మ త్రుంచబోయింది. మిత్రుడు వారించాడు. ఈ ఆకు విషం. మందుకూ విషానికీ తేడా మోతాదులో ఉన్నది. ఆకు నమిలి ఎవరూ క్యాన్సరును కుదుర్చుకోలేరు. ప్రాణం మీదికి మాత్రం తెచ్చుకోగలరు.

ఈ మందు దొరకిన తీరు విచిత్రమైనది. జమైకా ద్వీపంలో బిళ్ళగన్నేరు ఆకు కషాయాన్ని మధుమేహానికి త్రాగేవారు. ఆ ఆకులు కొన్ని కెనడాకు చేరగా రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనేవారు ఎలుకలపై పరీక్షించారు. రక్తంలోని చక్కెర తగ్గలేదు. కాని తెల్లకణాలు తగ్గిపోయాయి! ఇక్కడ కూడ ఆశించనిదే దారి చూపింది. వారు 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్షారపదార్థాన్ని వేరుచేశారు. దాని చెల్లెలి వంటి విన్‌క్రిస్టిన్ అమెరికాలోని లిల్లీ సంస్థ ప్రయోగశాలలో వెలువడింది. కణం చీలేటప్పుడు క్రోమోసోములను రెండు వైపులకు లాగే సన్నని దారాలుంటాయి. ఈ మందు ఆ దారాలను పేననీయదు. టన్నుల కొద్దీ ఎండుటాకును శుద్ధిచేస్తే కొన్ని గ్రాముల మందు వస్తుంది.

అప్పటికి మరొక ఆయుధం కూడ సిద్ధమైనది. గర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించిన 6-మెర్కాప్టోప్యూరిన్ 1953లో వాడుకలోకి వచ్చింది. వీరిద్దరికీ 1988లో నోబెల్ బహుమానం లభించింది. ఒక్కొక్క మందూ ఉపశమనం కలిగించేది, వ్యాధి తిరిగివచ్చేది. 1960 దశాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రై, ఫ్రైరైక్ అనే వైద్యులు నాలుగు మందులను ఒకేసారి కలిపి ఇచ్చారు. ఒక మందుకు లొంగని కణం మరొక మందుకు లొంగుతుందన్నది వారి వాదం.

మెంఫిస్ నగరంలో డానీ థామస్ అనే నటుడు ఊరూర విరాళాలు పోగుచేసి కట్టించిన సెయింట్ జూడ్ ఆస్పత్రి 1962లో తెరచుకొన్నది. అక్కడ డోనాల్డ్ పింకెల్ మరి నాలుగడుగులు ముందుకు వేశాడు. మొదట వ్యాధిని అణచడం, తరువాత మరింత తీవ్రంగా దెబ్బతీయడం, మందులు సులువుగా చేరని మెదడు పొరలలో దాగిన కణాలను వేరుగా నిర్మూలించడం, చివరకు మూడేళ్ళపాటు మందులు ఆపకుండ కొనసాగించడం ఆయన పద్ధతి. 1970 నాటికి ఆయన రోగులలో దాదాపు సగం మంది వ్యాధి తిరిగి రాకుండ నిలిచారు. నేడు సంపన్న దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు.

పాఠకులు ఒకటి గమనించాలి. ఈ విజయంలో సగం పాలు క్రొత్త మందులది. తక్కిన సగం, ఉన్న మందులనే విడువకుండ చివరిదాకా ఇవ్వడానిది.

నడక వచ్చి చేరిన తీరు

ఒక మంచి పనికై నడచి అడగడం మన దేశానికి క్రొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో పుట్టిన భూదానం వినోబాభావేగారి కాలినడక మీదనే దేశమంతా ప్రాకింది. వ్యాధి నివారణకై నడవడమనే ఆచారం మాత్రం ఇటీవలిది.

పోలియో టీకా వచ్చిన తరువాత అమెరికాలోని డైముల సంస్థకు చేయవలసిన పని తగ్గింది. 1958లో అది పుట్టుకతో వచ్చే లోపాలవైపు దృష్టి మళ్ళించింది. 1970లో దాని ఆధ్వర్యాన విరాళాల నడక ప్రారంభమైనది. నడిచేవాడు తాను నడిచే దూరాన్ని చూపి ఇరుగుపొరుగువారి వద్ద చందా అడుగుతాడు. అంటే ఒక్క మనిషి నడిస్తే పదిమంది ఇస్తారు. పదిమందికీ ఆ వ్యాధి పేరు తెలుస్తుంది. తరువాతి కాలంలో అదే సంస్థ, గర్భం దాల్చక ముందునుండే ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే శిశువు వెన్నుపాము లోపాలను చాలవరకు నివారించవచ్చునని స్త్రీలకు చాటింది. మన ఆకు కథ మళ్ళీ ఇక్కడ కనిపించింది.

తరువాత 1980లో కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ చేసిన సాహసం ఈ ఆచారానికి ప్రాణం పోసింది. ఎముక క్యాన్సరు వచ్చినందువల్ల 1977లో అతని కుడికాలును మోకాలి పైవరకు తీసివేశారు. ఆస్పత్రిలో తోటి రోగుల బాధ చూచి, పరిశోధనకు డబ్బు పోగుచేయాలని కృత్రిమపాదంతో 1980 ఏప్రిల్ 12న తూర్పు తీరం నుండి పడమటి తీరానికి పరుగు మొదలుపెట్టాడు. రోజుకు ఇంచుమించు 42 కిలోమీటర్లు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు సాగిన తరువాత సెప్టెంబరు 1న ఊపిరితిత్తులలో వ్యాధి కనబడి ఆగిపోయాడు. దేశంలోని ప్రతి మనిషి ఒక్క డాలరు ఇవ్వాలని అతడు కోరాడు. 1981 ఫిబ్రవరి నాటికి దేశ జనాభా అంత మొత్తం, రెండుకోట్ల నలభైలక్షల డాలర్లకు పైగా చేరింది. ఆ జూన్ 28న, 23 ఏళ్ళు నిండక ముందే టెర్రీ మరణించాడు. అతని పేరుతో ఏటేటా జరిగే పరుగులో పందెం లేదు. గెలుపు ఓటములు లేవు. ఇష్టమున్నవారు నడవవచ్చు. అతనికి వచ్చిన జాతి ఎముక క్యాన్సరుకు వైద్యులు 1970 దశాబ్దంలో పెద్ద మోతాదులలో వాడనారంభించిన మందులలో మెథొట్రెక్సేటు ఒకటి. భీమవరం కుర్రవాడు వేసిన బాట అంత దూరం పోయింది.

1989 నుండి బోస్టన్‌లో జిమ్మీ నిధికై ఏటా నడక జరుగుతున్నది. సుప్రసిద్ధమైన మారథాన్ పందెపు దారిలో, హాప్కింటన్ నుండి 42 కిలోమీటర్లు. సుబ్బారావుగారు రాత్రింబగళ్ళు పనిచేసిన వైద్య కళాశాల, ఫార్బర్ ఆస్పత్రి, ఆ నిధితో పెరిగిన సంస్థ మూడూ ఆ నగరంలో ఒకే పేటలో ప్రక్కప్రక్కన ఉన్నాయి.

జిమ్మీ సంగతి చెప్పనేలేదు. అతడు చిన్ననాడే పోయి ఉంటాడని అందరూ అనుకొన్నారు. 50 ఏళ్ళ తరువాత, 1998లో, లారీ నడుపుకొని జీవించే ఐనార్ గుస్తాఫ్‌సన్ అనే మనుమలున్న పెద్దమనిషి, “ఆ జిమ్మీని నేనే” అని బయటపడ్డాడు.

లెక్కల మాస్టారి లెక్క

ఇక ఆ ఆదివారానికి తిరిగి వస్తాను. నాలుగు కిలోమీటర్లు నడిచాక ఒక బండరాతి మీద కూర్చున్నాము. అక్కడ లెక్కల మాస్టారు తమ చెల్లెలి సంగతి మొదటిసారిగా పూర్తిగా చెప్పారు.

“మందులు మొదలుపెట్టిన నెలన్నరకు మా చెల్లికి బుగ్గలు నిండినాయండి. బడికి పోతానని మారాం చేసింది. డాక్టరుగారు ఇంకా రెండేళ్ళు తిరగాలన్నారు. మా నాన్నగారు ఒక్కసారి పట్నం వచ్చి వెళ్ళడానికి మూడురోజుల కూలి పోయేది. పిల్ల బాగానే ఉంది కదా అనుకొన్నారు. మానేశాము. ఎనిమిదో నెలలో తిరగబెట్టింది. మందు లేక పోలేదండి. బస్సు ఛార్జీ లేక పోయింది.”

మేమెవరమూ మాట్లాడలేదు. ఫార్బర్ 1948లో వ్రాసిన ‘తాత్కాలికం’ అనే మాటకు అర్థం నాకు ఆ బండరాతి మీద తెలిసింది. ఆనాడు బోస్టన్ పిల్లలు చనిపోయినది, తరువాత ఇవ్వడానికి మందు లేక. ఈ అమ్మాయి చనిపోయినది, మందు ఉండి కూడ. మొదటి నెలలో రక్తపరీక్ష బాగున్నదంటే వ్యాధి పోయినదని కాదు. కంటికి కనబడనంత తగ్గినదని మాత్రమే. లక్షకోట్ల కణాలలో వేయింట తొమ్మిదివందల తొంబదితొమ్మిది పాళ్ళు చచ్చినా మిగిలేవి నూరుకోట్లు! ఆ మిగిలినవానిని తుడిచివేయడానికే రెండు మూడేళ్ళ చికిత్స. చివరి దశలో రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్రలు, వారానికొకమారు మెథొట్రెక్సేటు మాత్రలు. పిల్లవాడు ఆడుతూ పాడుతూ ఉంటాడు. మాత్ర మాత్రం మానరాదు. మన దేశంలో సంపన్న దేశాలంత మంది పిల్లలు బ్రతకకపోవడానికి గల కారణాలలో చికిత్స మధ్యలో మానివేయడం ఒకటి. ఆనాటి నడకలో పోగైన డబ్బు కూడ మందులకు కాదు. ఊళ్ళనుండి వచ్చే పిల్లలకు, తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలకు, బసకు, భోజనానికి.

మాకు ముందు, ఎర్ర టోపీ పెట్టుకొన్న ఒక అమ్మాయి తండ్రి చేయి వదలి పరుగెత్తుతూ నడిచింది. పదేళ్ళుంటాయి. ఆ వేసవిలోనే చివరి మాత్ర మింగినదని నిర్వాహకులు చెప్పారు. దారిలో మా మిత్రుడు నేరేడుచెట్టును చూపి పేరు అడిగితే అందరికంటె ముందుగా చెప్పినది ఆ అమ్మాయే.

మాస్టారి ప్రశ్నకు నా సమాధానం ఇది. మన నడకవల్ల ఏ పిల్లవాని ఒంట్లోను రక్తకణం మారదు. దానిని మార్చవలసింది ఆకునుండి, పువ్వునుండి, రసాయనశాలనుండి వచ్చిన మందు. అయితే ఆ మందు మొదటి మోతాదునుండి చివరి మోతాదువరకు పిల్లవానికి అందాలి. ఆ మధ్యదూరం చాల పొడవైనది. ఇంటివద్ద కూర్చొని ఇచ్చిన రెండువందలు విలువైనవే. కాని నడచినవానిని నలుగురు ఎందుకని అడుగుతారు. జ్వరం తగ్గినా మందు మానరాదనే మాట అట్లా ఊరూర ప్రాకుతుంది. ఆ మాట మా మాస్టారి నాన్నగారి చెవిని సమయానికి ఎవరూ వేయలేదు. వేసి, చేతిలో బస్సు ఛార్జీ పెట్టి ఉంటే ఆ ఇంటి లెక్క మరొక విధంగా ఉండేదేమో!

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. మీ తరగతిలో ఏ పిల్లవాడైనా ఇట్టి చికిత్సలో ఉండి, బాగుపడి బడికి తిరిగివస్తే సంతోషించండి. సంతోషించి ఊరుకోకండి. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళవలసిన తేదీ ఎప్పుడని అడగండి. ఆనాడు సెలవు ఇవ్వండి.

అడవినుండి బయటికి వచ్చేటప్పుడు ద్వారం వద్ద లెక్కల మాస్టారు నిర్వాహకుల పుస్తకంలో తన పేరు వ్రాశారు. వచ్చే ఏడాది నడకకు ఇరవైమంది విద్యార్థులను తీసుకొనివస్తానని దాని ఎదుట వ్రాశారు. తరువాత ముళ్ళకంచె దగ్గరకు పోయి బిళ్ళగన్నేరు పువ్వును, తుంచకుండ, కొంతసేపు చూస్తూ నిలబడ్డారు.